పులికాట్ దీవిలో ఇన్‌స్టలేషన్ పెట్టవచ్చా? ఒక బిగింపు పనివాడి సమాధానం

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. మిగతావారికీ తెలియాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీరు తిరుపతిలో చిత్రకళ చదివారు. మీ అమ్మమ్మగారిది పులికాట్ సరస్సులోని ఇరకం దీవి. తడ దగ్గర భీములవారిపాలెం రేవులో పడవ ఎక్కితే తప్ప ఆ ఊరు చేరలేం. వయసులో ఉన్నవాళ్లు పనులు వెతుక్కుంటూ శ్రీసిటీకీ సూళ్లూరుపేటకీ తరలిపోయారు. అమ్మమ్మగారి ఇంటికి తాళం పడి మూడేళ్లయింది. జపాన్‌లో నావోషిమా అనే దీవిని ఆధునిక కళ నిలబెట్టిందని చదివారు. అలాంటి ఇన్‌స్టలేషన్లు, అంటే ఒక చోటునే కళగా మార్చే ఏర్పాట్లు, మన దీవిలోనూ పెడితే జనం వస్తారా, ఊరివాళ్లు ఒప్పుకుంటారా, ఊరు నిలుస్తుందా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను కళాకారుణ్ణి కాను. రేణిగుంట రోడ్డులో నాకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. శిల్పులు గీసిచ్చిన బొమ్మను ఇనుముతోనో స్టీలుతోనో తయారుచేసి, చెప్పిన చోట నిలబెట్టి, పడిపోకుండా చూడటం ఇరవై ఏడేళ్లుగా నా పని. అందులో సగం కూడళ్ల మధ్య ఉండే ట్రాఫిక్ ఐలాండ్ల మీదే. మా షెడ్డు కుర్రాళ్లకు ‘ఐలాండ్ మీద ఆర్టు’ అంటే ముందు గుర్తొచ్చేవి అవే, పాపం. 2019లో ఒక శిల్పి మిత్రుడితో కలిసి జపాన్ దీవులకు వెళ్లి తొమ్మిది రోజులు తిరిగాను. అందరూ కళాఖండాలను చూస్తుంటే నేను వంగి వాటి కింది బోల్టులను చూశాను. కాబట్టి నా జవాబు కింది నుంచి పైకి వెళుతుంది. కళ గొప్పతనం గురించి కావాలంటే ఇంకెవరినైనా అడగండి.

ముందు నావోషిమా సంగతి. పత్రికల్లో దాన్ని చెప్పే తీరు చూస్తే ఎవరో ఒక గుమ్మడికాయ బొమ్మ పెట్టగానే ఊరు బాగుపడిందన్నట్టు ఉంటుంది. జరిగింది వేరు. ఆ దీవి ఉత్తర భాగంలో 1917 నుంచి మిత్సుబిషివారి రాగి కర్మాగారం ఉంది. దాని పొగకు చుట్టుపక్కల కొండలు బోడిగా మారాయి. దీవి దక్షిణ భాగాన్ని ఏదైనా మంచి పనికి వాడాలని ఊరి మేయరు, ఒక ప్రచురణ సంస్థ యజమాని తెత్సుహికో ఫుకుతాకే 1985లో మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాదే ఫుకుతాకే పోయారు. కొడుకు సోఇచిరో పని అందుకున్నారు. మొదట కట్టింది పిల్లల శిబిరం. వాస్తుశిల్పి తదావో ఆండో కట్టిన మ్యూజియం 1992లో తెరిచారు. ఊళ్లోని పాత ఇళ్లలో కళను పెట్టే పని 1998లో మొదలైంది. కొండ కడుపులో, నేల అడుగున కట్టిన చిచూ మ్యూజియం 2004లో వచ్చింది. చుట్టుపక్కల దీవులన్నిటినీ కలిపి మూడేళ్లకోసారి జరిపే సెతోఉచి ట్రియెన్నాలే 2010లో మొదలైంది. 2019 ఉత్సవంలో అన్ని దీవులూ కలిపి లెక్కిస్తే సందర్శనలు సుమారు 11 లక్షల 80 వేలు.

మొదటి మాట నుంచి మొదటి ఉత్సవం దాకా పాతికేళ్లు. వెనుక ఆగకుండా డబ్బు పెట్టిన సంపన్న సంస్థ ఒకటి. ఈ రెండూ మీ దగ్గర లేవు. నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు, కొలత కోసం చెబుతున్నాను. ఇంకొక మాట. ఇంత జరిగినా ఆ దీవి జనాభా ఈ రోజుకీ మూడు వేల దగ్గరే ఉంది. జనం వచ్చి చూసి వెళ్లడం ఒకటి, వచ్చి కాపురం ఉండటం మరొకటి. రెండోది జరిగిన చోటు లేకపోలేదు. పక్కనే ఓగిజిమా అనే చిన్న దీవిలో పిల్లలు లేక బడి మూతపడింది. ఉత్సవం పుణ్యమా అని సొంత ఊరితో మళ్లీ రాకపోకలు పెరిగిన కొన్ని కుటుంబాలు తిరిగి వస్తామని ముందుకొచ్చి, సంతకాలు సేకరించి, 2014లో బడిని మళ్లీ తెరిపించుకున్నాయి. ఆ దీవిలో ఇళ్లన్నీ నిటారు వాలు మీద ఉంటాయి. ముసలమ్మలు సరుకులు వేసుకుని తోసుకెళ్లే చిన్న బండ్లను అక్కడ ఓంబా అంటారు. కొందరు కళాకారులు ఒక పాత ఇంట్లో ఓంబాలు బాగుచేసే దుకాణం పెట్టి, విరిగిన చక్రాలు సరిచేసి, ఒక్కో బండికి ఒక్కో రంగు, ఒక్కో ఆకారం ఇచ్చారు. ఇన్‌స్టలేషన్ అంటే ఆ బండ్లే. అవి రోజూ సందుల్లో ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. తొమ్మిది రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. నా వృత్తి బుద్ధి కూడా కావచ్చు.

మీ అమ్మమ్మగారి ఇంటికి తాళం పడిందని చదవగానే నాకు నావోషిమాలోని కదోయా అనే ఇల్లు గుర్తొచ్చింది. రెండు వందల ఏళ్లు దాటిన ఇల్లు. బయట నుంచి చూస్తే కాల్చిన చెక్క గోడలు, పెంకు కప్పు, ఊళ్లో మిగతా ఇళ్లలాగే ఉంటుంది. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెడితే చీకటి. కళ్లు అలవాటు పడటానికి నిమిషం పడుతుంది. మన ఇళ్లలో నట్టింట చాపలు పరిచే చోట అక్కడ నేల లేదు, నీళ్లున్నాయి. నీళ్ల అడుగున అంకెలు వెలుగుతుంటాయి. మొత్తం 125 చిన్న ఎల్‌ఈడీ అంకెల పెట్టెలు. ఒక్కొక్కటి ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్కపెట్టి మళ్లీ మొదలవుతుంది. ఒకటి గబగబా పరిగెత్తుతుంది, పక్కది ఒక అంకె మార్చడానికి తీరిగ్గా కూర్చుంటుంది.

తత్సువో మియాజిమా అనే కళాకారుడు 1998లో చేసిన పని అది. ఆ వేగాలు ఆయన నిర్ణయించలేదు. ఐదేళ్ల పిల్లల నుంచి తొంభై ఐదేళ్ల వృద్ధుల దాకా ఆ ఊరివాళ్లు 125 మందిని పిలిచి, ఒక్కొక్కరి చేత ఒక్కో అంకె వేగం పెట్టించాడు. దాంతో ఏమైందంటే, ‘ఆ మూల నెమ్మదిగా నడిచేది నాది’ అని చెప్పుకునేవాళ్లు 125 మంది తయారయ్యారు. కళ అంటే ఏమిటో తెలియకపోయినా నీళ్లలో తన అంకె వెలుగుతోందా లేదా అని చూసుకోవడానికి వస్తారు. వస్తూ చుట్టాలను తీసుకొస్తారు. ‘మా ఊరివాళ్లు ఒప్పుకుంటారా’ అని మీరు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

తేషిమా దీవి కథ ఇంకో రకం. ఆ పేరుకు సిరిగల దీవి అని అర్థం. అలాంటి చోట 1970ల చివర నుంచి 1990 దాకా ఒక వ్యాపారి పారిశ్రామిక వ్యర్థాలు దొంగచాటుగా కుమ్మరించాడు. ఊరివాళ్లు దశాబ్దాలు పోరాడితే 2000లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 9 లక్షల టన్నులకు పైగా చెత్తను, పాడైన మట్టిని ఓడల్లో నావోషిమాకు తరలించి శుద్ధి చేయడం 2017 దాకా సాగింది. ఆ దీవిలోనే, వదిలేసిన వరిమళ్లను ఊరివాళ్లతో కలిసి మళ్లీ సాగులోకి తెచ్చి, వాటి మధ్య 2010లో ఒక మ్యూజియం కట్టారు. ర్యూఎ నిషిజావా కట్టడం, రే నైతో కళ. నా కంటికి ముందు కట్టడమే కనిపించింది, క్షమించాలి. పొడవు 60 మీటర్లు, వెడల్పు 40. ఒక్క స్తంభం లేదు. కాంక్రీటు పెంకు మందం 25 సెంటీమీటర్లు. మట్టిని గుట్టగా పోసి, దాని మీద కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక లోపలి మట్టినంతా తవ్వి తీశారు. చిన్నప్పుడు పాదం మీద తడి ఇసుక కప్పి, పాదం మెల్లగా లాగి పిచ్చుక గూడు కట్టేవాళ్లం కదా, అదే పద్ధతి.

లోపల బొమ్మలు లేవు. కప్పుకు రెండు పెద్ద రంధ్రాలు. అందులోంచి గాలి, పిట్టల కూతలు, వాన వస్తే వాన. నేల మీద ఎక్కడో సూది మొనంత రంధ్రం నుంచి ఒక నీటి చుక్క ఊరుతుంది. కాసేపు కదలదు. తర్వాత వాలు ఎటుందో తెలుసుకున్నట్టు జారి, ఇంకో చుక్కను కలుపుకుని, తోక పొడవై, మళ్లీ తెగి, చివరికి ఒక మడుగులో చేరుతుంది. నేను నేల మీద కూర్చుని ఒకే చుక్కను చూస్తూ ఉండిపోయాను. మా మిత్రుడు వచ్చి భుజం తట్టి చివరి పడవ టైమవుతోందని గుర్తుచేశాడు. వ్యర్థాలతో పాడైన దీవిలో నీటి చుక్కనే చూపించడం వెనుక ఎంత ఆలోచన ఉందో తిరుగు ప్రయాణంలో అర్థమైంది. పులికాట్‌లో పుట్టినవారు మీరు. ముఖద్వారాలు పూడి సముద్రపు నీరు రాక, సరస్సులో ఉప్పదనం మారిపోయి, చేపలు తగ్గితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

ఇక నా సబ్జెక్టుకు వస్తాను. ఆ పసుపు గుమ్మడికాయ ఉంది కదా, యయోయి కుసామా 1994లో చేసినది. పాత రేవు చివర, నీళ్ల అంచున ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు దాన్ని తీసి భద్రపరిచేవారు. 2021 ఆగస్టులో వచ్చిన తుపానుకు ఆ అవకాశం లేకపోయింది. అలలు పీకి సముద్రంలో పడేసి, గట్టుకేసి కొట్టి ముక్కలు చేశాయి. కొత్తది 2022 అక్టోబరులో పెట్టారు. అంత డబ్బు, అంత క్రమశిక్షణ ఉన్న జపాన్‌వాళ్లకే ఒకసారి చేయి జారింది. మన దగ్గర తుపానులు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. సందర్శకులు, ఫ్లెమింగోలు వచ్చే కాలం కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. కాబట్టి ఏదైనా తయారుచేసే ముందు వేసుకోవలసిన ప్రశ్న: ఇద్దరు మనుషులు గంటలో దీన్ని విప్పి ఇంట్లో పెట్టగలరా? పెట్టలేకపోతే అది గాలికి నిలబడాలి.

గాలికి నిలబడటం అంటే ఏమిటో లెక్క చెబుతాను. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరు, చెన్నై తీరానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగాన్ని వేగంతో గుణించి 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, సుమారుగా 150 కిలోల తోపు. మూడు మీటర్లకు మూడు మీటర్ల పలక నిలబెడితే దాని మీద 1,350 కిలోల బరువు అడ్డంగా ఆనినట్టు. అది కూడా ఆకారాన్ని, నేల తీరును బట్టి పెరగవచ్చు. దీవిలో బురద, ఇసుక కలిసిన నేలలో ఆ పలకను పట్టుకోవాలంటే కింద ఎంత కాంక్రీటు పోయాలో, ఆ కాంక్రీటుకు కంకర, మంచినీళ్లు ఎన్ని పడవల్లో తేవాలో ఊహించుకోండి. సరస్సు నీళ్లతో కలుపుదాం అని ఏ మేస్త్రీ అన్నా వినవద్దు. ఆ ఉప్పు లోపలి చువ్వను తినేస్తుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటునే పగలగొడుతుంది. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: గాలికి అడ్డంగా నిలిచే వస్తువు వద్దు, గాలిని పోనిచ్చే వస్తువు చేయండి. వల, జల్లెడ, తాడు, వెదురు.

ఈ తెలివి నాకు పుస్తకాల్లో రాలేదు. కొన్నేళ్ల క్రితం ఒక శిల్పి కోసం పులికాట్ గట్టున ఒక పల్లెలో పది అడుగుల ఎత్తు పైపుల చట్రం నిలబెట్టాను. దానికి రేకు ఆకులు రెండు వందలకు పైగా వేలాడదీశాం. గాలికి మోగుతాయి, ఎండకు మెరుస్తాయి అని ఆలోచన. మూడో రోజు వెళ్లేసరికి ఆకుల మీద వలలు ఆరేసి ఉన్నాయి. శిల్పి మొహం మాడిపోయింది. ఊరి పెద్దాయన ఒకరు మాత్రం నింపాదిగా, ‘దీన్ని ఎందుకు పెట్టారో మాకు తెలియదు, కానీ ఎత్తు సరిపోయింది’ అన్నారు. ఆ ఏడు వానల తర్వాత మళ్లీ వెళ్లాను. ఆకుల్లో పదో పన్నెండో మిగిలాయి. కొక్కేలు మామూలు ఇనుముతో చేయించాను, డబ్బు మిగులుతుందని. ఉప్పుగాలికి పుల్లల్లా విరిగాయి, తప్పు పూర్తిగా నాదే. చట్రం మాత్రం నిలబడే ఉంది. ఎందుకా అని చూస్తే, వలలు ఆరేసుకునేవాళ్లు నాలుగు మూలలా తమ పడవ తాళ్లతో మేకులకు బిగించి కట్టారు. ఆ ముడి నాకు రాదు. అడిగి నేర్చుకున్నాను.

లోహాల గురించి ముక్తసరిగా. మామూలు ఇనుము అయితే కోయడం, వెల్డింగు, రంధ్రాలు అన్నీ పూర్తయిన తర్వాతే హాట్ డిప్ గాల్వనైజింగ్, అంటే కరిగిన జింకులో ముంచే పూత, చేయించాలి. చేయించాక మళ్లీ ఒక్క రంధ్రం వేసినా అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. దుకాణంలో స్టెయిన్‌లెస్ స్టీలు అనగానే 304 అనే రకం ఇస్తారు. తిరుపతికి అది చాలు, పులికాట్‌కు చాలదు, గోధుమ మరకలు, సూది గుంతలు పడతాయి. అందులో మాలిబ్డినమ్ కలిపిన 316 అడగండి. ధర ఎక్కువ, అయినా కనీసం బోల్టులన్నా అవే వాడండి. అల్యూమినియానికి స్టీలు బోల్టు వేస్తే మధ్యలో నైలాన్ వాషరు తప్పనిసరి, లేకపోతే ఉప్పుతడిలో ఒక లోహం ఇంకొకదాన్ని తింటుంది. కాల్చిన మట్టి బొమ్మలు ఎంత బాగున్నా నీళ్ల అంచున పెట్టకండి. ఉప్పునీరు పీల్చి, ఆరినప్పుడు లోపల ఉప్పు పలుకులు కట్టి, పెచ్చులు ఊడిపోతాయి.

అనుమతుల సంగతి ఒక్క పేరాలో ముగిస్తాను. సరస్సు ఆంధ్ర వైపు భాగం పక్షుల అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. నీళ్లలో గానీ గట్టున గానీ ఏది నిలబెట్టాలన్నా ముందు అటవీ శాఖ. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వేరుగా ఉన్నాయి. రాత్రి వెలిగే దీపాలు, మోగే స్పీకర్లు ఆలోచనలోనే మానుకోండి, పక్షులకు అవి శత్రువులు. ఎదురుగా శ్రీహరికోట ఉంది కాబట్టి డ్రోను మాట ఎత్తకండి. నీళ్లలో వెదురు పాతే ముందు ఊళ్లో అడగండి. నీళ్లు ఖాళీగా కనిపిస్తాయి కానీ ఎవరి వల ఎక్కడ పడుతుందన్న లెక్క ప్రతి పల్లెకూ ఉంటుంది. ఇవన్నీ విన్నాక మీకే అనిపించాలి, పని మొదలుపెట్టవలసింది నీళ్లలో కాదు, ఇంట్లో అని. సొంత ఇల్లు, నాలుగు గోడల లోపల, విప్పి మడిచి పెట్టుకోగలిగినది.

జనం రాకను గురించి కూడా ఒక హెచ్చరిక. ఇటలీలో ఇజెయో సరస్సు మధ్య మోంతె ఇజోలా అనే దీవి ఉంది. అక్కడికి 2016లో క్రిస్టో అనే కళాకారుడు నీటి మీద తేలే మూడు కిలోమీటర్ల పసుపు బాట వేశాడు. 16 రోజుల్లో 12 లక్షల మంది నడిచారు. తర్వాత మొత్తం విప్పి తీసేశారు. రెండు వేల మంది కూడా లేని దీవి అది. మీ ఊరికి అందులో నూరో వంతు వస్తే మరుగుదొడ్లు ఎన్ని, తాగే నీళ్లు ఎక్కడివి, చివరి పడవ తప్పినవాళ్లు ఎవరింట్లో పడుకుంటారు? నావోషిమా ఓడలు వందలమందిని ఎక్కిస్తాయి. అయినా అక్కడ క్యూలో నిలబడి నేను రెండు పడవలు వదులుకున్నాను. మీ పడవలో ఎంతమంది పడతారో మీకు తెలుసు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వచ్చే రద్దీలో చిన్న పాయ ఒక్కటి మీ వైపు తిరిగినా మొదటి ఏడాదికి ఎక్కువే. రోజుకు ఒక పడవ, ఒక పూట, మీ వాళ్ల చేతి చేపల పులుసు. అంతకు మించి ఆశపడకండి.

కొద్దిరోజులే ఉండి పోయే కళ అంటే కొందరు చిన్నచూపు చూస్తారు. తిరుపతివాళ్లకు ఆ మాట చెల్లదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూశారు కదా. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ వారం రోజులు ఊరంతా వేషం కడుతుంది. చివరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం తీరుస్తారు. తెల్లవారుజామున పేరంటాలు వేషం వచ్చి ఆ మట్టి రూపం చెంప తొలగించడంతో జాతర ముగుస్తుంది. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. చిటికెడు మట్టి ఇంటికి తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టుకుంటారు. మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. రాత్రి చేసి తెల్లారేసరికి తీసేసే రూపం, అది పోయాక ఊరంతటి ఇళ్లలో దాని ముక్కలు. ఇన్‌స్టలేషన్ అనే మాట మనకు కొత్త కావచ్చు, పని పాతదే. జపాన్ ఫోటోలు పక్కన పెట్టి ఆ మట్టి గురించి ఆలోచించండి.

ఇప్పుడు మీరు అడగని సలహా ఒకటి ఇస్తాను. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల రంగు ఎలా వస్తుందో మీకు తెలిసే ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చేదే కసిమి. నూలు గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. ఆ గుడ్డ మీద కసిమి పడగానే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఇరవై ఏడేళ్లుగా తుప్పుతో యుద్ధం చేస్తున్న నాకు, అదే తుప్పు ఇరవై మైళ్ల దూరంలో సిరాగా బతుకుతోందని తట్టడానికి చాలా కాలం పట్టింది, సిగ్గుపడవలసిన విషయం. కాళహస్తిలో తెలిసిన కళాకారుణ్ణి అడిగి, కరక్కాయ పట్టించిన గుడ్డ గజం తెచ్చుకున్నాను. షెడ్డులో తుప్పు పట్టిన తలుపు బందు ఒకటి తీసుకుని, పులిసిన బెల్లం నీళ్లు చల్లి, గుడ్డలో గట్టిగా చుట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున విప్పితే బందు మొత్తం దిగి ఉంది: మూడు మేకు రంధ్రాలు, వంగిన అంచు, ఒక మూల పగులు. ఉతికినా పోలేదు.

మీ దీవిలో ఇనుముకు కొదవ లేదు. పాత లంగరు, పడవ మేకులు, గేలాలు, విరిగిన కొడవలి, పొయ్యి ఊచలు, సైకిలు గొలుసు, పుట్టింటి నుంచి తెచ్చిన కత్తిపీట. ఉప్పుగాలి వాటన్నిటినీ ఇప్పటికే సిరాగా మార్చిపెట్టింది. ఇంటికొక మూర గుడ్డ ఇవ్వండి. ఏ వస్తువు చుట్టాలో వాళ్లే తేల్చుకోవాలి. మీరు వేలు పెట్టకండి. అమ్మమ్మగారి ఇంట్లో దూలాల నుంచి ఆ గుడ్డలు వేలాడదీయండి, ఒక్కో గుడ్డకు ఎవరి వస్తువో వాళ్లే గుర్తుపడతారు. ఊరు వదిలి వెళ్లినవాళ్ల పేరిట వాళ్ల ఇంటి గొళ్లెమో, గడపకు కొట్టిన నాలమో చుట్టవచ్చు. సంక్రాంతికి వచ్చినప్పుడు చూసుకుంటారు. తుపాను వస్తే మడిచి పెట్టెలో పెట్టండి. ఖర్చు గుడ్డ, కరక్కాయ, బెల్లం, పడవ కిరాయి. ఇది మీకు నచ్చకపోతే వదిలేయండి, నేను చిత్రకారుణ్ణి కాను. కానీ ఏది చేసినా వచ్చే ఏడాది ఆ ఇంటిని ఊడ్చేది ఎవరో, తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో ముందే తేల్చుకోండి. నావోషిమాలో నేను గమనించింది, ప్రతి ఇంటి గుమ్మంలో టికెట్టు చూసి, చెప్పులు సర్దించి, నీళ్లలో పడిన ఆకు ఏరే మనిషి ఒకరు ఉన్నారు. ఎక్కువగా పెద్ద వయసువాళ్లు. వాళ్ల జీతం లెక్కలోకి తీసుకోకుండా మీరు వేసే బడ్జెట్టు బడ్జెట్టు కాదు.

అంతకంటే ముందు అక్కడికి వెళ్లి ఉండండి. సెలవుకు వెళ్లి ఫోటోలు తీసుకుని రావడం లెక్కలోకి రాదు. కార్తీకం వానలు వెలిసిన తర్వాత రెండు నెలలు, వీలైతే మళ్లీ ఎండల్లో నెల. ఎవరి పడవ ఎప్పుడు కదులుతుందో, ఇంట్లోకి వెలుగు ఏ పూట ఏ గోడ మీద పడుతుందో తెలియకుండా అందులో ఏమి వేలాడదీస్తారు? వెళ్లేముందు మా షెడ్డుకు ఒకసారి రండి. ఏడు రకాల బోల్టులు బిగించిన వేప పలక ఒకటి ఇస్తాను. దాన్ని మీ ఇంటి నీళ్ల వైపు గోడకు కొట్టి ఒక వానాకాలం వదిలేస్తే, ఆ చోట ఏ లోహం ఎన్నాళ్లు నిలుస్తుందో నేను రాసిన పేరాల కంటే బాగా చెబుతుంది.

మూడేళ్ల తాళం కాబట్టి చెవి తిరగదు. పగలగొట్టకండి. రెండు చుక్కల కిరోసిన్ వేసి ఒక పూట ఆగి, చెవిని అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించండి. వచ్చాక ఆ తాళాన్ని సబ్బుతో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి. జిడ్డు ఉంటే గుడ్డ మీద అచ్చు దిగదు.